సాహిత్య పఠనానికి శాస్త్రాల తోడు

మన కళాశాలలో అర్థశాస్త్రం చదివేవారు, రసాయనశాస్త్రం చదివేవారు, వాణిజ్యశాస్త్రం చదివేవారు వేర్వేరు గదులలో కూర్చుంటారు. వారందరూ ఒక చోట కలుసుకునే అవకాశం ద్వితీయ భాష బోధించే తరగతిలోనే లభిస్తుంది. తెలుగు తీసుకున్నవారు ఒక గదికి, ఉర్దూ తీసుకున్నవారు మరొక గదికి చేరుతారు. అయితే ఆ గదిలో అడుగు పెట్టేటప్పుడు ప్రతి విద్యార్థీ తాను నేర్చిన శాస్త్రాన్ని పాదరక్షల వలె గుమ్మం వెలుపలనే విడిచి వస్తున్నాడు. సాహిత్యమంటే అలంకారాలు, ఛందస్సు, కవికాలాదులు, పాత్రల గుణగణాలు. తాను ఉదయం చదివిన గణాంకాలకూ చట్టాలకూ దీనితో ఏ సంబంధమూ లేదని అతని నమ్మకం. ఈ నమ్మకం సరైనది కాదని చూపడమే మా ఉద్దేశం. ఒక శాస్త్రంలో పుట్టిన ఆలోచనను ఉత్తమ సాహిత్య గ్రంథం ముందు నిలిపినప్పుడు అందులో అంతవరకు కనిపించని విషయం ఎట్లా కనిపిస్తుందో, ఆ వెలుగు ఎక్కడ ఆగిపోతుందో, ఆగిపోయిన చోట గ్రంథమే తిరిగి శాస్త్రానికి ఏమి నేర్పుతుందో కొన్ని ఉదాహరణలతో వివరించడానికి ప్రయత్నిస్తాము.

ఇది పరదేశాల నుండి వచ్చిన కొత్త పోకడ అని కొందరు అనవచ్చు. మన విమర్శ సంప్రదాయాన్ని ఒకసారి పరికిస్తే ఈ శంక తొలగిపోతుంది. తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతాన్ని ప్రతిపాదించినప్పుడు 'ధ్వని' అనే మాటను వైయాకరణుల నుండి స్వీకరించాడు. రసం ప్రేక్షకునికి ఎట్లా తెలుస్తుందన్న ప్రశ్నకు శంకుకుడు తర్కంలోని అనుమానాన్ని ఆధారం చేసుకుని సమాధానం చెప్పాడు. పొగను చూచి నిప్పును ఊహించినట్లు, నటుని చేష్టలను చూచి ప్రేక్షకుడు అతని భావాన్ని ఊహిస్తాడని ఆయన వాదం. పదకొండవ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు కవి కాగోరేవానికి తర్కం, వ్యాకరణం, వైద్యం మొదలైన అనేక శాస్త్రాల పరిచయం ఉండాలన్నాడు. ఉర్దూ విమర్శకు పునాది అయిన బలాగత్ శాస్త్రం కూడా అరబ్బీ, ఫారసీ పండితుల చేతులలో తర్కశాస్త్రమైన మంతిఖ్‌తో చెలిమి చేసి పెరిగినదే. అంటే శాస్త్రాల నుండి అరువు తెచ్చుకోవడం మన పెద్దలకు కొత్త కాదు. శాస్త్రానికీ సాహిత్యానికీ నడుమ గోడ కట్టినది పరీక్షల పట్టిక మాత్రమే.

ఈ వ్యాసానికి రెండు గ్రంథాలను ఎన్నుకున్నాము. ఒకటి గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం'. రెండవది మీర్జా హాదీ రుస్వా రచించిన ఉర్దూ నవల 'ఉమ్రావ్ జాన్ అదా'. మొదటిది 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, సమూలంగా మారిన రూపంతో 1909లో తిరిగి వెలువడింది. రెండవది 1899లో లక్నోలో వెలువడింది. రచయితలు ఇద్దరూ ఒకే శాస్త్రపు గిరిలో నిలిచినవారు కారు. గురజాడ విజయనగర సంస్థానంలో శాసన పరిశోధకులుగా పనిచేశారు. రుస్వా రూర్కీలో ఇంజనీరింగు విద్య నేర్చి, రైల్వేలో ఉద్యోగం చేసి, రసాయనశాస్త్రం పట్ల మక్కువ పెంచుకుని, తరువాత అధ్యాపకులైనారు. చివరి దశలో హైదరాబాదు వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు అనువాద శాఖ అయిన దారుల్ తర్జుమాలో పనిచేసి, 1931లో ఈ నగరంలోనే కన్నుమూశారు. గణితం, విజ్ఞానం, చరిత్ర, తత్త్వం ఉర్దూలోకి తెచ్చిన సంస్థ అది. నవలాకారుడు అక్కడ కూర్చుని పని చేయడంలో ఆనాటివారికి విడ్డూరమేమీ కనిపించలేదు.

మొదట 'కన్యాశుల్కం'. కథ అందరికీ తెలిసినదే. అగ్నిహోత్రావధాన్లు వేదం చదివిన పండితుడు. పెద్ద కూతురు బుచ్చమ్మకు చిన్నతనంలోనే పెండ్లి చేయగా ఆమె వితంతువై పుట్టింట ఉన్నది. రెండవ కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లనే ముసలి లోభికి 1800 రూపాయలకు ఇవ్వడానికి ఆయన నిశ్చయించాడు. ఆ పెండ్లిని తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి, అదే లుబ్ధావధాన్లకు తక్కువ ధరకు కట్టబెడతాడు. తరగతి గదిలో దీనిని హాస్య నాటకంగా, గిరీశం వాక్చాతుర్యానికి నిదర్శనంగా చదువుతాము. అట్లా చదవడంలో తప్పు లేదు. కాని రచయిత తొలి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో మనకు మొదట ఎదురయ్యే విషయాలలో అంకెలు కూడా ఉన్నాయి.

విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణం జిల్లాలో శుల్కం తీసుకుని జరిగిన బ్రాహ్మణ వివాహాల జాబితా ఒకటి తయారు చేయించారు. గురజాడ ఆ జాబితా సారాంశాన్ని పీఠికలో ఇచ్చారు. మూడేండ్లలో అట్టి వివాహాలు 1034 నమోదైనాయి. వధువులలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకు పలికిన ధర 350 మొదలు 400 రూపాయల వరకు. గణాంకశాస్త్ర విద్యార్థి ఎవరైనా ఈ అంకెలను కూడి చూడవచ్చు. ఐదేండ్లు, అంతకంటె తక్కువ వయస్సు గలవారి మొత్తం 188. అంటే సరిగ్గా ప్రతి పదకొండు పెండ్లిండ్లలో రెండు. విజయనగరంలో నాటకం చూడవచ్చినవారు నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళిన రోజులలో, ఆ చుట్టుప్రక్కల శుల్కంతో జరిగిన ప్రతి పదకొండు పెండ్లిండ్లలో రెండింట వధువుకు పలకా బలపమూ పట్టే వయస్సైనా దాటలేదు.

ఇప్పుడు ఈ అంకెలను అర్థశాస్త్రం, జనాభాశాస్త్రం అందించే ఆలోచనలతో కలిపి చూద్దాము. వధువుకు ధర ఉన్నప్పుడు ఆ ధర చెల్లించగలవారు ఎవరు? ఇంకా సంపాదన మొదలు పెట్టని యువకుడు చెల్లించలేడు. జీవితమంతా కూడబెట్టిన వృద్ధుడు చెల్లించగలడు. కనుక శుల్కం పెరిగిన కొద్దీ వరుని వయస్సు పెరుగుతుంది. ఐదేండ్ల పిల్లను యాభై ఏండ్లవానికి ఇస్తే, ఆమెకు ఇరవై వచ్చేనాటికి అతనికి అరవై ఐదు. వైధవ్యం ఎక్కడి నుండి వచ్చిందని విధిని తిట్టనక్కరలేదు, మామూలు తీసివేత లెక్క చాలు. ఇక భార్య చనిపోయిన పురుషుడు మళ్ళీ పెండ్లికొడుకు కావచ్చు. భర్త చనిపోయిన బాలిక మళ్ళీ పెండ్లికూతురు కావడానికి 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం అనుమతించినా ఆచారం అనుమతించలేదు. వరుల సంఖ్య తరగదు, వధువుల సంఖ్య మాత్రం తరుగుతూ ఉంటుంది. కొరత వలన ధర ఇంకా పెరుగుతుంది. ధర పెరిగినందువలన ముసలి వరుడే మళ్ళీ వస్తాడు. బుచ్చమ్మ వైధవ్యం, సుబ్బికి పలికిన 1800 రూపాయలు వేర్వేరు సంఘటనలుగా కనిపిస్తాయి గాని, నిజానికి ఒకే గానుగ చక్రంలోని రెండు చుట్లు. లుబ్ధావధాన్ల ఇంట్లో కూడా ఆయన కూతురు మీనాక్షి వితంతువే కావడం గమనార్హం. కొనేవాని ఇంటా, అమ్మేవాని ఇంటా అదే దృశ్యం. ఈ అమరిక సాహిత్య విద్యార్థి దృష్టికి కాకతాళీయంగా తోచవచ్చు. అర్థశాస్త్రం తెలిసినవానికి అందులో కార్యకారణ సంబంధం కనిపిస్తుంది.

న్యాయశాస్త్రం చదివినవారు నాటకం ఉత్తరార్ధాన్ని మరొక విధంగా చూడగలరు. ఆడవేషంలో ఉన్న శిష్యుడు పెండ్లి తరువాత మాయమైపోతాడు. పెండ్లికూతురిని చంపినాడన్న అభియోగం లుబ్ధావధాన్ల మీద పడుతుంది. వకీలు సౌజన్యారావు పంతులు, పోలీసులు, సాక్షులు, కచేరీ, అంతా కదలివస్తుంది. నాటకం మొదట ప్రదర్శింపబడడానికి ఒక్క ఏడాది ముందు, 1891లో, దాంపత్యానికి సమ్మతి వయస్సును పది నుండి పన్నెండేండ్లకు పెంచే చట్టం దేశమంతటా పెద్ద వాదోపవాదాల మధ్య వచ్చిన సంగతి చరిత్ర విద్యార్థులు ఎరుగుదురు. చట్టం అప్పుడు ఊరూరా చర్చకు వచ్చిన విషయం. గురజాడ చూపిన వైపరీత్యం ఏమంటే, ఈ నాటకంలో ఎన్నడూ పుట్టని ఒక బాలిక హత్యను గురించి ప్రభుత్వ యంత్రాంగం అంతా ఆందోళన పడుతుంది. పుట్టి, పెరిగి, ధర కట్టబడిన సుబ్బిని గురించి, అమ్ముడుపోయి మోడైన బుచ్చమ్మను గురించి అడగడానికి ఆ కచేరీలో ఎవరికీ సెక్షను దొరకదు. ఇది హాస్యమే. కాని న్యాయశాస్త్రం తోడుంటే ఆ హాస్యం ఎంత చేదైనదో తెలుస్తుంది.

వాణిజ్యశాస్త్రం నేర్పే ప్రశ్న అన్నిటికంటె సులభమైనది. జమ ఎవరికి, ఖర్చు ఎవరికి? ఈ ప్రశ్నతో మూడు ఆచారాలను పోల్చి చూడవచ్చు. కన్యాశుల్కంలో వరుని చేతి సొమ్ము వధువు తండ్రి పెట్టెలో చేరుతుంది. ధర్మశాస్త్రం తెలిసినవారు ఇక్కడ ఒక విషయం చెప్పగలరు. మనుస్మృతి ధనం తీసుకుని చేసే వివాహాన్ని ఆసుర వివాహమన్నది. శుల్కం పుచ్చుకునే తండ్రిని సంతానాన్ని అమ్ముకునేవానిగా నిందించింది. కనుక వేదపండితుడైన అగ్నిహోత్రావధాన్లు సంప్రదాయానికి దాసుడై ఈ పని చేసినాడని అనలేము. తాను చదివిన సంప్రదాయమే కాదన్న పనిని సొమ్ము కోసం చేసినాడు. ఇక ఇస్లామీయ ధర్మశాస్త్రమైన ఫిఖా ఎరిగిన విద్యార్థి మెహర్ సంగతి తేగలడు. మెహర్ కూడా వరుడు ఇచ్చే సొమ్మే. అయితే అది వధువు స్వంత ఆస్తి. ఖురాన్‌లోని నాలుగవ అధ్యాయం, సూరా నిసా, దానిని ఆమెకు ఇవ్వవలసిన బాధ్యతగా పేర్కొన్నది. తండ్రికి దానిమీద హక్కు లేదు. సొమ్ము ఒకే వైపు నుండి బయలుదేరినా, చేరిన చేయి మారితే అర్థమే మారిపోయింది. ఒక చోట ఆమె సరుకు, మరొక చోట ఆమె హక్కుదారు. మూడవది మన కాలపు కట్నం. అందులో సొమ్ము వధువు ఇంటి నుండి బయలుదేరి వరుని ఇంటికి చేరుతుంది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చిన తరువాత కూడా ఆ ప్రవాహం ఆగలేదు. 'కన్యాశుల్కం' కాలం చెల్లిన నాటకమనేవారు, పద్దులో గడులు తారుమారైనవే గాని పద్దు చెరిగిపోలేదని గ్రహించాలి. ఉర్దూ తరగతిలో కూర్చునే విద్యార్థి తన ఇంటి ధర్మశాస్త్ర జ్ఞానంతో తెలుగు నాటకాన్ని తెలుగు విద్యార్థికే కొత్తగా చూపగలడనడానికి ఇది మంచి నిదర్శనం.

భాషాశాస్త్రం నుండి కూడా ఒక్క ఉదాహరణ. కొడుకు వెంకటేశం, అతని గురువు గిరీశం ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే వినాలని వెంకమ్మ ముచ్చట పడుతుంది. వారిద్దరూ నోటికి వచ్చిన పొంతన లేని ఇంగ్లీషు ముక్కలు పలుకుతారు. ఆమె మురిసిపోతుంది. భాష భావాన్ని తెలియజేయడానికే ఉన్నదనుకుంటే ఈ సన్నివేశంలో భాషే లేదు, ఒక్క భావమూ చేతులు మారలేదు. భాష సంఘంలో గౌరవాన్ని కూడా పంచిపెడుతుందని సామాజిక భాషాశాస్త్రం చెబుతుంది. ఆ దృష్టితో చూస్తే గిరీశం దగ్గర ఉన్న మూలధనమంతా ఆ ఇంగ్లీషేనని, దానిని మార్చుకోవడానికి ఇంగ్లీషు రానివారి ఇల్లే తగిన అంగడి అని తెలుస్తుంది. వచ్చినవారి ఎదుట ఆ నాణెం చెల్లదు. సౌజన్యారావు ఎదుట గిరీశం మాటకారితనం చివరకు ఎందుకు నిలవలేదో ఇందువలన కొంత బోధపడుతుంది.

ఇక ఉర్దూ నవల వైపు వద్దాము. ఇక్కడ కూడా ఒక బాలికకు ధర కట్టబడుతుంది. ఫైజాబాదులో తండ్రి మీద పగబట్టిన ఒకడు అమీరన్ అనే పిల్లను ఎత్తుకుపోయి, లక్నోలో ఖానమ్ అనే ఆమెకు అమ్మివేస్తాడు. ఆమె ఉమ్రావ్ జాన్ అయి, గానంలోనూ కవిత్వంలోనూ పేరు పొందుతుంది. 'కన్యాశుల్కం'లో ధర కట్టబడిన సుబ్బి మనసు మనకు వినిపించదు. రుస్వా నవలలో అమ్ముడుపోయిన ఆమే తన కథ చెబుతుంది. రచయిత ఎదుట కూర్చుని ప్రశ్నలు అడుగుతాడు, ఆమె జవాబు చెబుతుంది. నేటి చరిత్రకారులు మౌఖిక చరిత్ర అని పిలిచే పద్ధతికి ఇది ఎంతో దగ్గరగా ఉన్నది. కనుక ఆ శాస్త్రం అడిగే ప్రశ్నలను ఇక్కడ అడగవచ్చు. వక్త ఎవరికి చెబుతున్నది? ఎంతకాలం తరువాత చెబుతున్నది? ఏది చెప్పకుండా దాటవేస్తున్నది? ఈ ప్రశ్నలతో చదివినవారికి ఆమె చమత్కారపు మాటల వెనుక ఉన్న మౌనాలు కూడా వినిపించడం మొదలవుతుంది.

ఈ నవలకు చరిత్ర పరిశోధన చేసిన ఉపకారం మరొకటి ఉన్నది. వీణా తల్వార్ ఓల్డెన్‌బర్గ్ అనే చరిత్రకారిణి 1858 నుండి 1877 వరకు గల లక్నో నగర పన్నుల పద్దులను పరిశీలించారు. ఆటపాటలు వృత్తిగా గల స్త్రీలు ఆ పద్దులలో అత్యధిక పన్ను చెల్లించేవారి శ్రేణిలో కనిపించారు. 1990లో ప్రకటించిన వ్యాసంలో ఆమె ఈ సంగతిని వివరించారు. ఇల్లు, తోట, ఆభరణాలు స్వంత పేర గల స్త్రీలు వారు. ఈ విషయం తెలియని పాఠకుడు ఉమ్రావ్ జాన్‌ను కేవలం జాలిపడవలసిన అభాగ్యురాలిగా చూస్తాడు. తెలిసిన పాఠకుడు ఆమె మాటలోని దర్పాన్ని, చదువుకున్న స్త్రీ స్వాతంత్ర్యాన్ని కూడా గుర్తిస్తాడు. అయితే పన్నుల పద్దు చెప్పలేనిది నవల చెబుతుంది. 1857 కల్లోలం తరువాత ఉమ్రావ్ ఫైజాబాదు చేరి, తన పుట్టింటి దాపుననే పాడవలసి వస్తుంది. కన్నతల్లి ఆమెను గుర్తిస్తుంది. అయినా ఆ ఇంటిలో ఆమెకు చోటు దొరకదు. పద్దులో ఆమె ఇంటి విలువ ఉంటుంది. ఏ ఇంటి గడప ఆమె దాటలేకపోయిందో ఉండదు. రెండు పత్రాలూ నిజమైనవే. రెండింటినీ పక్కపక్కన పెట్టినవానికే ఆమె జీవితం పూర్తిగా తెలుస్తుంది.

ఇంతవరకు శాస్త్రాలు సాహిత్యానికి చేసే మేలును చెప్పాము. ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదాలను కూడా చెప్పకపోతే విషయం అసమగ్రమవుతుంది. మనస్తత్వశాస్త్రంలో నాలుగు పారిభాషిక పదాలు నేర్చిన వెంటనే గిరీశానికి ఒక మనోవ్యాధి పేరు తగిలించి విమర్శ ముగిసిందనుకోవడం అట్టి ప్రమాదాలలో ఒకటి. ఆ పేరు పెట్టిన తరువాత కూడా అతడు మోసగాడని తెలిసి మనం ఎందుకు నవ్వుతున్నామన్న అసలు ప్రశ్న అట్లాగే మిగిలిపోతుంది. గ్రంథాన్ని కేవలం సాక్ష్యపత్రంగా వాడుకుని, కావలసిన వాక్యం తీసుకుని, తక్కినది పారవేయడం మరొక ప్రమాదం. వీటి నుండి తప్పించుకోవడానికి మూడు నియమాలు పాటిస్తే చాలునని భావిస్తున్నాము. మొదటిది, ప్రశ్న గ్రంథంలో నుండి పుట్టాలి. 'కన్యాశుల్కం'లో ధర ఉన్నది కనుక అర్థశాస్త్రాన్ని పిలిచాము. కచేరీ ఉన్నది కనుక న్యాయశాస్త్రాన్ని పిలిచాము. రెండవది, అరువు తెచ్చుకున్న భావాన్ని దాని స్వస్థలంలో సరిగా నేర్చుకోవాలి. మాట మాత్రమే తెచ్చి దాని లెక్కను వదిలివేయరాదు. మూడవది, వచ్చిన జవాబును తిరిగి గ్రంథం ముందు పెట్టి పరీక్షించాలి. గ్రంథం కాదంటే జవాబును వదులుకోవాలి.

మూడవ నియమం ఎంత ముఖ్యమైనదో వెంకమ్మ పాత్ర వలన తెలుస్తుంది. అర్థశాస్త్రం చాలాకాలం కుటుంబాన్ని ఒకే మనస్సు, ఒకే ప్రయోజనం గల వ్యక్తిగా లెక్కించింది. ఆ లెక్క ప్రకారం సుబ్బి పెండ్లి వలన అగ్నిహోత్రావధాన్ల కుటుంబానికి 1800 రూపాయల లాభం. కాని నాటకంలో ఏమి జరిగింది? ఆ సంబంధం మాట విని సుబ్బి తల్లి వెంకమ్మ నూతిలో దూకింది. ఒకే కప్పు కింద భర్తకు లాభమైనది భార్యకు ప్రాణాంతకమైంది. కుటుంబంలో సహకారంతో పాటు సంఘర్షణ కూడా ఉంటుందని, దానిని ఒకే వ్యక్తిగా లెక్కించడం సరికాదని అమర్త్యసేన్ 1990లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో వాదించారు. విజయనగరపు నాటకం అంతకు చాలా ముందే ఆ సంగతిని నూతి గట్టు మీద చూపించింది. మహారాజు తయారు చేయించిన జాబితా నుండి గురజాడ మనకు అందించిన వివరాలలో వధువుల సంఖ్య ఉన్నది, వయస్సు ఉన్నది, ధర ఉన్నది. తల్లికి గడి లేదు. జాబితా చేతిలో ఉండగా కూడా నాటకం రాయవలసిన అవసరం ఆయనకు ఎందుకు కలిగిందో ఇందువలన కొంత ఊహించవచ్చు. 188 అన్న అంకెను చదివి అయ్యో అనుకోవచ్చు, మరచిపోనూవచ్చు. వెంకమ్మ నూతిలో పడ్డదన్న కేకను మరచిపోవడం కష్టం.

ఈ చర్చ అంతా గ్రంథాలయానికే పరిమితమైనదని ఎవరైనా అనుకుంటే వారికి ఒక్క సంఘటన గుర్తు చేయవలసి ఉన్నది. 1991లో హైదరాబాదు నుండి ఢిల్లీకి బయలుదేరిన విమానంలో పదేండ్ల బాలిక ఒకతె ఏడుస్తూ ఉండడం విమాన పరిచారిక గమనించింది. పక్కన కూర్చున్న విదేశీ వృద్ధుడు ఆమె భర్త. ఆ వార్త దేశమంతటినీ కలతపెట్టింది. బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చి అప్పటికి అరవై రెండేండ్లు అయింది. మెహర్‌ను స్త్రీ హక్కుగా నిర్ణయించిన ధర్మశాస్త్రం పదమూడు శతాబ్దాలకు పైగా ఉన్నది. రెండూ ఉండగానే దళారులు, పేదరికం, మౌనం కలిసి మన నగరంలో నికాహ్‌నామాను క్రయపత్రంగా మార్చగలిగినాయి. అగ్నిహోత్రావధాన్లు తన వేదాన్ని ఎట్లా పక్కకు నెట్టినాడో, ఇక్కడ కూడా ధర్మాన్ని అట్లాగే పక్కకు నెట్టినారు. విజయనగరం అగ్రహారం గురించి రాసిన నాటకం, లక్నో గురించి రాసిన నవల చదివిన విద్యార్థికి ఆ బాలిక ముఖం పరిచితంగా కనిపించాలి. కనిపించకపోతే మనం ఆ గ్రంథాలను పరీక్ష కోసం మాత్రమే చదివామని అర్థం.

ఆ పరిచారిక చేసిన పని ఏమిటో ఆలోచిస్తే సాహిత్య పఠనానికీ దానికీ ఉన్న పోలిక తెలుస్తుంది. ప్రయాణపు చీటీ, పత్రాలు, పేర్లు, అన్నీ సక్రమంగా కనిపించే చోట ఆమె ఒక ముఖాన్ని చదివింది. తరువాత చట్టాన్ని పిలిచింది. మొదటిది సాహిత్యం నేర్పవలసిన చూపు. రెండవది శాస్త్రం ఇవ్వవలసిన బలం. ఒకటి లేకుండా మరొకటి ఉంటే ఆ బాలిక గమ్యం చేరిపోయేది.

కనుక మా సోదర విద్యార్థులకూ సోదరీమణులకూ ఒక చిన్న సూచన. ఈ వేసవి సెలవులలో 'కన్యాశుల్కం' గాని, 'ఉమ్రావ్ జాన్ అదా' గాని, లేక మీకు నచ్చిన మరొక ఉత్తమ గ్రంథం గాని తీసుకోండి. వాణిజ్యశాస్త్ర విద్యార్థి అయితే నోటుపుస్తకంలో గడులు గీయండి. గ్రంథంలో సొమ్ము చేతులు మారిన ప్రతి చోటా మొదటి గడిలో ఇచ్చినవారి పేరు, రెండవ గడిలో పుచ్చుకున్నవారి పేరు రాయండి. మూడవ గడిలో ఆ లావాదేవీ ఎవరి జీవితానికి సంబంధించినదో, అయినా ఎవరిని ఒక్క మాటైనా అడగలేదో వారి పేరు రాయండి. చరిత్ర చదివేవారు తేదీలతో, న్యాయశాస్త్రం మీద ఆసక్తి గలవారు చట్టాలతో, విజ్ఞానశాస్త్రాలు చదివేవారు తమకు అలవాటైన పరిశీలనతో ఇదే పని చేయవచ్చు. తెలుగు చదివేవారు, ఉర్దూ చదివేవారు ఆ పట్టికలను ఒకరికొకరు చూపుకుంటే ఇంకా మేలు. ఆ మూడవ గడి నిండుతున్న కొద్దీ, మీరు చదువుతున్న గ్రంథం మీకు నిజంగా తెలియడం ప్రారంభమవుతుంది.